గోప్యత

సంస్కృతంలో ‘గోప’ అంటే ఆవుల్ని కాచేవాడు. ఆ మాట నుంచే కాపాడటమనే అర్థంలో ‘గుప్’ ధాతువు వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. గోప్త అంటే రక్షకుడు. విలువైనదాన్ని పరుల కంటపడకుండా ఉంచి కాపాడుకుంటాం కాబట్టి గుప్తం, గోప్యం అన్న మాటల్లో రహస్యమనే అర్థం స్థిరపడింది. గుప్తనిధి, గుప్తదానం అలా వచ్చినవే.

అచ్చతెలుగులో మనకు ‘గుట్టు’ ఉంది. ఎవరి గుట్టు వాళ్లది. ఇంకొకరి గుట్టును కాచే బాధ్యతకు మాత్రం నేడు గోప్యత అనే వాడుతున్నాం. మానసిక చికిత్సలో ఈ మాటకు చట్టబలం కూడా ఉంది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. రోగి సమ్మతి లేకుండా అతని ఫొటోలు, వివరాలు మీడియాకు ఇవ్వకూడదని 24వ సెక్షన్ చెబుతోంది.

ఈ హక్కుకు హద్దులున్నాయి. ప్రాణాపాయాన్ని తప్పించడానికి, మరొకరిని హాని నుంచి కాపాడటానికి, హైకోర్టు లేదా సుప్రీంకోర్టు ఆదేశిస్తే, అవసరమైన మేరకే వివరాలు చెప్పవచ్చు. అమెరికాలో 1976 నాటి టారాసాఫ్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. ప్రమాదంలో ఉన్న మూడో వ్యక్తిని కాపాడేందుకు తగిన చర్యలు తీసుకోవడం చికిత్సకుల విధి అంది.

అందుకే మంచి కౌన్సెలర్ ఈ హద్దుల్ని మొదటి రోజే వివరిస్తారు. తన మాట ఎక్కడిదాకా వెళ్తుందో ముందే తెలిసిన మనిషే మనసు విప్పగలడు.