పరిశోధన డేటాకు రెండు ముప్పులు: పోవడం, బయటపడటం

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన నాటి నుంచి భిలాయ్ ఉక్కునగరంగానే ప్రసిద్ధి. 2016లో ఏర్పాటైన ఐఐటీ ఆ గుర్తింపునకు ఉన్నత పరిశోధనను జోడించింది. దుర్గ్ జిల్లా కుటేలాభాటాలోని దాని శాశ్వత ప్రాంగణాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2024 ఫిబ్రవరి 20న జాతికి అంకితం చేశారు.

ఇలాంటి ప్రాంతంలో పరిశోధకుల కంప్యూటర్లలో కొలిమి ఉష్ణోగ్రతల నమోదులు ఉండవచ్చు. సికిల్ సెల్ రోగుల వివరాలూ ఉండవచ్చు. మొదటివి పోతే నెలల శ్రమ వృథా అవుతుంది. రెండోవి బయటపడితే, నమ్మి వివరాలిచ్చిన రోగులే నష్టపోతారు.

డేటా పోకుండా...

2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ సూపర్ కంప్యూటర్‌లో బ్యాకప్ ప్రోగ్రామ్ లోపం వల్ల సుమారు 77 టెరాబైట్ల డేటా చెరిగిపోయింది. 2022 నవంబరులో రాన్సమ్‌వేర్ దాడి దిల్లీ ఎయిమ్స్ సర్వర్లను స్తంభింపజేసింది. అందుకే నిపుణులు 3-2-1 సూత్రాన్ని సూచిస్తారు: మొత్తం 3 ప్రతులు, 2 రకాల మాధ్యమాల్లో, వాటిలో 1 వేరే చోట. ఒక ప్రతికి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుంటే రాన్సమ్‌వేర్ దాన్ని చేరలేదు. బ్యాకప్ నుంచి ఫైళ్లు తిరిగి తెరుచుకుంటున్నాయో లేదో తరచూ పరీక్షించాలి.

బయటపడకుండా...

పేరు తొలగించినంత మాత్రాన గోప్యత దక్కదు. పుట్టిన తేదీ, లింగం, జిప్ కోడ్ కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని గుర్తించవచ్చని 2000లో లటాన్యా స్వీనీ అంచనా వేశారు. చిన్న గ్రామంలోనైతే వయసు, వ్యాధి పేరు చాలు. కాబట్టి తేదీకి బదులు వయోవర్గం, ఊరికి బదులు జిల్లా నమోదు చేయడం మేలు. పేర్లను సంకేత సంఖ్యలతో జతచేసే పట్టికను ఎన్‌క్రిప్ట్ చేసి, విడిగా భద్రపరచాలి. అవసరమైన వారికే దాన్ని చూసే అనుమతి ఇవ్వాలి. ప్రాజెక్టు విడిచి వెళ్లిన వారి అనుమతిని వెంటనే రద్దు చేయాలి.

చట్టం ఏమంటోంది?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపునిచ్చినా, షరతులు విధించింది. ఆ డేటా ఆధారంగా ఏ వ్యక్తిపైనా ప్రత్యేకంగా నిర్ణయం తీసుకోరాదు; నిర్దేశిత ప్రమాణాలనూ పాటించాలి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సైబర్ దాడులను గుర్తించిన 6 గంటల్లోగా సంస్థలు ఆ విభాగానికి తెలియజేయాలి. అనుమానం కలిగిన క్షణమే పరిశోధకుడు తన సంస్థ ఐటీ విభాగాన్ని అప్రమత్తం చేస్తేనే ఆ గడువును అందుకోవడం సాధ్యం.