కక్కయ్య వెదికిన చక్రాలు

మొన్న వైశాఖంలో బంధువుల ఇంటి శుభకార్యానికి పాలకీడు వెళ్ళాను. పదవీ విరమణ చేసి ఇన్నేళ్ళయినా, డాక్టరు వచ్చాడంటే పాత మందుల చీటీలు బయటికి వస్తూనే ఉంటాయి. ఆ రోజు యాభై ఏళ్ళ ఇల్లాలు ఒకామె చీటీకి బదులు ఒక రంగుల పటం నా చేతికిచ్చింది. వెన్నెముక వెంబడి ఏడు పద్మాలు, ఇంద్రధనుస్సు వరుసలో ఏడు రంగులు, ఒక్కొక్క దాని ఎదుట ఒక్కొక్క గ్రంథి పేరు. కంఠంలోని విశుద్ధ చక్రం పక్కన థైరాయిడ్ అని రాసి ఉన్నది.

"ఇది వేల ఏండ్ల విద్యనట గద సార్. ఈ చక్రం శుద్ధి చేసుకుంటే గోలీతోని పనిలేదన్నరు. బంద్ చేసి మూడు నెలలైంది" అన్నది.

ముఖం ఉబ్బి ఉన్నది. గొంతు బొంగురుపోయింది. అంత ఉక్కపోతలోనూ కొంగు నిండా కప్పుకొని కూర్చున్నది. నాడి చూస్తే నిమిషానికి 54. మరునాడే హుజూర్‌నగర్‌లో రక్తపరీక్ష చేయించమన్నాను. సుమారు 5 లోపు ఉండవలసిన టీఎస్‌హెచ్ 70 దాటింది. ఈ స్థితి ముదిరి, పైన ఏ న్యుమోనియానో తోడైతే మనిషి స్పృహ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆ పటం కథను పాఠకుల ముందు ఉంచదలచాను.

శరీరంలో చక్రాలెక్కడున్నాయన్న ప్రశ్న మన తెలుగువారికి కొత్త కాదు. పోతులూరి వీరబ్రహ్మంగారి చరిత్రలో కక్కయ్య కథ చాలామంది విని ఉంటారు. చెప్పేవారిని బట్టి వివరాలు కొంత మారినా సారం ఒక్కటే. బ్రహ్మంగారు సిద్ధయ్యకు దేహంలోని చక్రాలను గురించి, వాటిలో కొలువైన దేవతలను గురించి బోధిస్తుండగా కక్కయ్య దూరాన నిలబడి విన్నాడు. ఇంటికి వెళ్ళి, నిద్రపోతున్న భార్య దేహాన్ని కోసి చూశాడు. నెత్తురు, మాంసం, ప్రేగులు తప్ప మరేమీ కనిపించలేదు. నీవు చెప్పింది అబద్ధమని గురువును నిలదీశాడు. బ్రహ్మంగారు వచ్చి ఆ దేహంలోనే దేవతలను చూపి, ఆమెను బ్రతికించారని కథ. ఈ కథను భక్తులు గురువు మహిమ కోసం చెప్పుకుంటారు. నేను మాత్రం విన్నప్పుడల్లా నిద్రలో ఉన్న ఆ ఇల్లాలిని గురించే ఆలోచిస్తాను.

ఇటువంటిదే మరొక శోధన ఉన్నది. ఇది కథ కాదు, చేసినవారే స్వయంగా చెప్పుకున్నది. ఆర్యసమాజ స్థాపకులు దయానంద సరస్వతి యువకుడిగా గంగాతీరంలో తిరుగుతున్న రోజుల్లో హఠయోగ గ్రంథాలు వెంట ఉంచుకునేవారు. వాటిలోని నాడీచక్రాల వర్ణన మీద ఆయనకు అనుమానం. ఒకనాడు నదిలో కొట్టుకుపోతున్న శవాన్ని ఒడ్డుకు లాగి, కత్తితో కోసి, గుండెను బయటికి తీసి, తలను, మెడను పరీక్షించి, గ్రంథంతో పోల్చి చూశారు. ఏ పోలికా లేదు. ఆ పుస్తకాలను చింపి శవంతోపాటు నదిలో వేశారు. 1879లో మొదలైన దివ్యజ్ఞాన సమాజ పత్రిక ‘థియోసాఫిస్ట్’లో తన జీవితకథ చెబుతూ ఆయన దీనిని వెల్లడించారు.

1970 ప్రాంతంలో వైద్య విద్యార్థిగా నేనూ ఆ పని చేశాను, ఫార్మలిన్ వాసనకు కళ్ళు మండుతుండగా. బొడ్డుకు పైభాగాన, జీర్ణకోశం వెనుక నాడుల అల్లిక ఒకటి ఉన్నది. మణిపూరకం ఇదే అని పక్కనున్న మిత్రుడు ఉత్సాహపడ్డాడు. అది నాడుల అల్లికే. దానికి పది రేకులు లేవు.

అయితే చక్రాలు అబద్ధమా? ఆ మాట నేననను. కోసి చూడవలసిన వస్తువులుగా వాటిని భావించడంలోనే పొరపాటున్నది. ఏ శాస్త్రంలోనైనా కాలేయం ఒకటే, మూత్రపిండాలు రెండే. చక్రాల లెక్క అలా ఉండదు. బౌద్ధుల హేవజ్రతంత్రం నాలుగంటుంది. కుబ్జికామతతంత్రం ఆరంటుంది. గోరక్షనాథుని పేరిట ఉన్న సిద్ధసిద్ధాంతపద్ధతి తొమ్మిదంటుంది. ఈ నాథసిద్ధులు మనకు పరాయివారు కారు. పదిహేనో శతాబ్దంలో గౌరన శ్రీశైల మఠం ప్రోత్సాహంతో వారి కథలను నవనాథచరిత్రగా ద్విపదలో రాశాడు. ఇన్ని లెక్కలున్నా ఆ సాధకులు తగవులాడుకోలేదు. మనస్సును ఎక్కడ నిలపాలి, ఏ అక్షరాన్ని ఎక్కడ తలచుకోవాలి అన్నదే వారికి ప్రధానం. ధ్యానానికి గీసుకున్న పటం అది, అవయవాల పట్టిక కాదు.

పాలకీడు ఇల్లాలు ప్రతి శుక్రవారం లలితా సహస్రనామం చదువుతుందట. "అమ్మా, అందులో విశుద్ధి చక్రం వస్తుంది గదా, అక్కడి యోగినికి ఏ ధాతువు చెప్పారు?" అని అడిగాను. లోలోపల నామాలు వల్లించుకొని, "చర్మం సార్. నైవేద్యం పాయసం" అన్నది. సరిగ్గా చెప్పింది. అక్కడినుంచి కిందికి దిగుతూ అనాహతానికి రక్తం, నేతి అన్నం. మణిపూరకానికి మాంసం, బెల్లపు అన్నం. స్వాధిష్ఠానానికి మేదస్సు, పెరుగన్నం. మూలాధారానికి ఎముకలు, పెసరపప్పు కలిపిన అన్నం. ఆ తర్వాత ఆజ్ఞకు మజ్జ, పసుపన్నం. ఇది ఆయుర్వేదపు ధాతువుల లెక్క. గ్రంథుల ప్రస్తావనే లేదు. ఆమె పటం వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

ఉండే అవకాశమూ లేదు. హార్మోన్ అన్న మాటే 1905లో పుట్టింది. థైరాక్సిన్‌ను వేరుచేసింది 1914లో. పూర్ణానందుడు 1577లో రచించిన షట్చక్రనిరూపణాన్ని కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి జాన్ వుడ్రాఫ్ 1919లో ఆంగ్లంలోకి తెచ్చి, చక్రాలంటే స్థూలశరీరపు నాడీకూటములు కావని హెచ్చరించారు. వినేవారెవరు? 1927లో బొంబాయి వైద్యుడు వసంత్ రేలే కుండలిని అంటే వేగస్ నాడి అన్నారు. అదే ఏడాది లెడ్‌బీటర్ స్వాధిష్ఠానాన్ని తీసి ఆ చోట ప్లీహాన్ని పెట్టారు. 1930లో ఆలిస్ బెయిలీ గ్రంథులకూ చక్రాలకూ లంకె వేస్తూ పుస్తకమే రాశారు. ఇక ఇంద్రధనుస్సు రంగులు ఇంకా తర్వాతివి. ఈనాటి పటంలో పసుపు రంగు వేసే మణిపూరక దళాలు పూర్ణానందునికి కారుమేఘపు రంగువి. ఆకుపచ్చ వేసే అనాహతం ఆయనకు బంధూకపుష్పంలా ఎర్రనిది. వేల ఏళ్ళదని ఆమె నమ్మిన ఆ వరుస మా తాతగారి కంటే చిన్నది.

ధ్యానం వల్ల దేహానికి మేలు జరగదని దీని అర్థం కాదు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ వైద్యులు ఒక పరిశీలన ప్రకటించారు. 23 మంది ఆరోగ్యవంతుల చేత క్రైస్తవ జపమాల ప్రార్థన, బౌద్ధమంత్రం చదివించారు. రెండింటితోనూ శ్వాస నిమిషానికి సుమారు ఆరుసార్లకు తగ్గి, గుండె, రక్తనాళాల లయలు దానితో కలిసి నడిచాయి. రక్తపోటును అదుపుచేసే ప్రతిచర్య మెరుగుపడింది. ఏ దేవుని పేరు తలచినా ఊపిరి నెమ్మదించడం సమానమే. ఆందోళన, నిద్రలేమి ఉన్నవారికి నేను దీర్ఘశ్వాసను ధైర్యంగా చెబుతాను. కానీ క్షీణించిన థైరాయిడ్ గ్రంథి చేత అది హార్మోన్‌ను చేయించలేదు. కక్కయ్య భార్యను లేపినట్టు లేపే విద్య నా దగ్గర లేదు. ఉన్నది పాతిక రూపాయల పరీక్షో, పావలా మాత్రో కాకపోయినా, ప్రతి పట్టణంలో దొరికే ఒక చిన్న గోలీ.

ఆమె మాత్ర మళ్ళీ మొదలుపెట్టింది. తెల్లవారగానే పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, అరగంట దాకా టీ కూడా తాగవద్దని చెప్పాను. "ఆ అరగంట ఏం చెయ్యాలె సార్?" అని అడిగింది. తూర్పు వైపు కూర్చొని లలిత చదువుకొమ్మన్నాను. ఆరు వారాల తర్వాత మళ్ళీ రక్తపరీక్ష ఉన్నది.