మొదటి రెండు నిమిషాలు: థ్రిల్లర్ సినిమా ఆరంభం చరిత్ర, మేం తీసి నేర్చుకున్నది

చరిత్ర అనగానే మనకి రాజులు, యుద్ధాలు, తారీఖులే గుర్తొస్తాయి. కానీ సినిమాకి కూడా చరిత్ర ఉంది. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి జనానికి కదిలే బొమ్మలు చూపించారు. ఏడు నెలలు తిరక్కుండానే, 1896 జూలై 7న ఆ బొమ్మలు బొంబాయికి వచ్చాయి. అంటే సినిమా వయసు మన ముత్తాతల వయసు కన్నా మరీ ఎక్కువేం కాదు.

ఈ సంవత్సరం మా సోషల్ టీచర్ మాకొక ప్రాజెక్టు ఇచ్చారు. ఒక థ్రిల్లర్ సినిమాకి మొదటి రెండు నిమిషాలు మాత్రమే తీయాలి. మిగతా కథ అక్కర్లేదు. ఒకటే షరతు: మనం వాడే ప్రతి పద్ధతినీ ఇంతకుముందు ఎవరు, ఎక్కడ వాడారో వెతికి రాసుకోవాలి. మేం ఆరుగురం. మా దగ్గరున్నవి ఒక ఫోను, ఒక టార్చిలైటు, మా వీధిలోని అపార్ట్‌మెంటు మెట్లు. కథ కూడా చిన్నదే. రాత్రి ఏడున్నర అయ్యింది, ట్యూషన్‌కి వెళ్ళిన తమ్ముడు ఇంటికి రాలేదు. అక్క వెతుక్కుంటూ మెట్లెక్కుతుంది. పై అంతస్తులో ఎవరో నడుస్తున్న చప్పుడు. అంతే.

ఈ వ్యాసం ఆ నోట్సులోంచి రాసిందే.

తుపాకి షాట్ ఎక్కడ పెట్టాలి?

1903లో అమెరికాలో ఎడిసన్ కంపెనీ కోసం ఎడ్విన్ పోర్టర్ 'ది గ్రేట్ ట్రైన్ రాబరీ' అనే సినిమా తీశాడు. సుమారు 12 నిమిషాలు ఉంటుంది. అందులో ఒక దొంగ నేరుగా మనవైపు తుపాకి పెట్టి కాల్చే షాట్ ఒకటుంది. విచిత్రం ఏమిటంటే, ఆ షాట్‌ని సినిమా మొదట్లో పెట్టుకున్నా సరే, చివర పెట్టుకున్నా సరే అని కంపెనీవాళ్ళే సినిమా ఆడించేవాళ్ళకి చెప్పారు.

చివర పెడితే అది ఒక తమాషా. మొదట్లో పెడితే "ఇది ప్రమాదమైన కథ, జాగ్రత్త" అని ముందే చెప్పినట్టు. షాట్ అదే అయినా, చోటు మారితే దాని పని మారిపోతుంది. మేం మొదట నేర్చుకున్న సంగతి ఇదే.

ఒకే ముఖం, వేరే వేరే అర్థాలు

ఈ సంగతినే రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన పరీక్ష పెట్టి చూపించాడు. అక్కడ విప్లవం వచ్చిన తర్వాతి సంవత్సరాల మాట ఇది. మొజూఖిన్ అనే నటుడి ముఖం, ఏ భావమూ లేకుండా ఉన్న ఒక షాట్ తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఇలా మార్చి మార్చి అతికించాడు. చూసినవాళ్ళు, ఆకలిని ఎంత బాగా నటించాడో, దుఃఖాన్ని ఎంత బాగా చూపించాడో అని మెచ్చుకున్నారట. ముఖం మాత్రం ఒక్కటే. ఆ ఫిల్ము ఇప్పుడు దొరకదు. వాళ్ళు తర్వాత చెప్పిన మాటల వల్లనే మనకి తెలుసు.

మేం కూడా చేసి చూశాం. మా స్నేహితురాలి మామయ్య మా సినిమాలో వాచ్‌మన్ వేషం వేశారు. ఆయన మెట్ల మీంచి కిందికి చూసే ఐదు సెకన్ల షాట్ తీసుకున్నాం. ఒక కాపీలో దాని ముందు మెట్ల మీద పడి ఉన్న పిల్లవాడి వాటర్ బాటిల్ పెట్టాం. రెండో కాపీలో టిఫిన్ క్యారియర్ పెట్టాం. తొమ్మిదో తరగతి ఏ సెక్షన్‌కి మొదటిది, బి సెక్షన్‌కి రెండోది చూపించాం. ఏ సెక్షన్‌లో చాలామంది "ఈయనే ఎత్తుకుపోయాడు, కళ్ళు చూడు" అన్నారు. బి సెక్షన్‌వాళ్ళు "పాపం, ఆకలేస్తున్నట్టుంది" అన్నారు.

ఈ సంగతి మామయ్యకి చెబితే పడీపడీ నవ్వారు. "నేనసలు లాస్ట్ బస్సు గురించి ఆలోచిస్తున్నానర్రా!" అన్నారు.

బాంబు సంగతి ఎవరికి తెలుసు?

థ్రిల్లర్ అనగానే అందరూ చెప్పే పేరు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. ఆయన చెప్పిన ఉదాహరణ ఒకటి మాకు చాలా ఉపయోగపడింది. బల్ల కింద బాంబు ఉన్నట్టు మనకి చెప్పకుండా అది పేలితే, మనం కొన్ని క్షణాలు ఉలిక్కిపడతాం. బాంబు ఉందని మనకి ముందే చూపించి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి మాత్రం తెలియకుండా ఉంచితే, వాళ్ళు మామూలు కబుర్లు చెప్పుకుంటున్నా సరే మనం నిమిషాల తరబడి టెన్షన్ పడతాం.

ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' ఆరంభం సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఒక చెయ్యి బాంబుకి టైము పెట్టి కారు డిక్కీలో దాచేస్తుంది. ఆ తర్వాత కారు ఊళ్ళోంచి మెల్లగా పోతూ ఉంటే మూడు నిమిషాల పైన ఒక్క కట్ కూడా ఉండదు. స్టూడియోవాళ్ళు ఆ షాట్ మీద పేర్లు వేసి, సంగీతం పెట్టి విడుదల చేశారు. వెల్స్‌కి అది ఇష్టం లేదు. తన అభ్యంతరాలన్నీ 58 పేజీల ఉత్తరంలో రాశాడు. ఆయన చనిపోయాక, 1998లో ఆ ఉత్తరాన్ని బట్టి సినిమాని మళ్ళీ ఎడిట్ చేశారు. పేర్లు తీసేశారు. ఆ సంగీతం బదులు వీధిలోని కారు రేడియోలు, హోటళ్ళ పాటలు వినిపించేలా చేశారు.

ఇది చదివాక మేం కూడా ఫోన్‌లో దొరికే భయం మ్యూజిక్ తీసేశాం. మా వీధి చప్పుళ్ళే ఉంచాం: కుక్కర్ విజిల్, పక్కింటి టీవీ, ఆటో హారన్. పై అంతస్తులో అడుగుల చప్పుడు వచ్చేటప్పటికి మిగతావన్నీ ఒక్కొక్కటిగా ఆపేశాం. ఏ డప్పూ లేకుండానే చూసినవాళ్ళు నిశ్శబ్దం అయిపోయారు.

కనిపించని పాప

మేం అన్నిటికన్నా ఎక్కువ చర్చించుకున్న ఆరంభం 1931లో బెర్లిన్‌లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎం'. అది ఆయన మొదటి టాకీ. పిల్లలు గుండ్రంగా నిలబడి హంతకుడి మీద పాట పాడుతూ ఆడుకుంటూ ఉంటారు. ఒక తల్లి కూతురి కోసం భోజనం సిద్ధం చేసి గడియారం చూస్తుంది. పాప బడి నుంచి వస్తూ, హంతకుణ్ణి పట్టిస్తే బహుమతి అని రాసి ఉన్న పోస్టర్ మీద బంతి కొడుతుంది. ఆ పోస్టర్ మీద ఒక మనిషి నీడ పడుతుంది. తర్వాత తల్లి పిలుపు, ఖాళీ మెట్లు, ఖాళీ పళ్ళెం. గడ్డిలో దొర్లి ఆగిన బంతి. తీగల్లో చిక్కుకున్న బెలూన్.

కత్తి చూపించలేదు, రక్తం చూపించలేదు, ముఖం కూడా చూపించలేదు. అయినా ఏం జరిగిందో మనకి తెలిసిపోతుంది. భయపెట్టడానికి ఖర్చు అక్కర్లేదని, ఒక ఖాళీ పళ్ళెం చాలని మాకు అప్పుడు అర్థమైంది. మా సినిమాలో వాటర్ బాటిల్ అలా వచ్చిందే.

ఆ సినిమాలో తర్వాత ఇంకొక సన్నివేశం ఉంది. ఊరంతా భయంతో ఉన్నప్పుడు, వీధిలో ఒక ముసలాయన్ని ఒక చిన్నపిల్ల టైము అడుగుతుంది. ఆయన పిల్లతో మాట్లాడాడన్న ఒక్క కారణంతో జనం చుట్టూ మూగి హంతకుడని మీద పడతారు. పాపం ఆయనకి ఏమీ తెలియదు.

మన మద్రాసులో

ఇవన్నీ ఎక్కడో జరిగినవి అనుకోవద్దు. మనం ఉంటున్న ఈ ఊళ్ళోనే, వడపళనిలోని ఏవీఎం వాళ్ళు 1954లో 'అంద నాళ్' అనే తమిళ సినిమా తీశారు. దర్శకుడు ఎస్. బాలచందర్. ఆయన పేరున్న వీణ విద్వాంసుడు కూడా. ఒక్క పాట కూడా లేని సినిమా అది. విద్వాంసుడు తీసిన సినిమాలో పాట లేకపోవడం చూడండి! 1943 అక్టోబరులో మద్రాసు మీద జపాన్‌వాళ్ళు బాంబులు వేసిన రోజుల కథ. సినిమా మొదలవుతూనే తుపాకి పేలుతుంది, శివాజీ గణేశన్ పాత్ర చనిపోతుంది. అంత పెద్ద హీరోని మొదట్లోనే చంపేశారు! ఆ తర్వాత ఒక్కొక్కరూ ఇంకొకరి మీద అనుమానం చెబుతారు. ప్రతి ఒక్కరి మాటా నిజంలాగే ఉంటుంది.

అదే ఏవీఎం వాళ్ళు 1967లో 'అవే కళ్లు' తెలుగులోనూ, 'అదే కణ్‌గళ్' తమిళంలోనూ తీశారు. ఒకే కథ, రెండు భాషలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనలాంటి పిల్లలకి ఇది కొత్తగా అనిపించదు.

అనుమానం ఎవరి మీద?

ఇప్పుడు అసలు సంగతి. మా మొదటి స్క్రిప్టులో, చీకట్లోంచి టార్చి పట్టుకుని వాచ్‌మన్ వస్తాడు, చూసేవాళ్ళు ఆయన్నే అనుమానిస్తారు. షూటింగుకి ముందు చదువుకుంటుంటే మా గుంపులో ఒకబ్బాయి ఆగమన్నాడు. వాళ్ళ నాన్న ఒక అపార్ట్‌మెంటులో నైట్ వాచ్‌మన్.

"మా నాన్న రోజూ టార్చి పట్టుకుని అన్ని మెట్లూ ఎక్కుతాడు. గేట్లు వేశారా, మోటారు ఆపారా అని చూడ్డానికి. ఇది చూసిన చిన్నపిల్లలు రేపు మా నాన్నని చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు.

"థ్రిల్లర్ కదరా, ఎవరో ఒకరిని అనుమానించాలిగా. లేకపోతే ఎవరు చూస్తారు?" అని ఇంకొకరు అన్నారు. ఇదీ న్యాయమైన ప్రశ్నే. ఆ సాయంత్రం షూటింగు జరగలేదు, చర్చే జరిగింది.

దానికి జవాబు మాకు మళ్ళీ 'ఎం' చరిత్రలోనే దొరికింది. అందులో హంతకుడుగా వేసిన పీటర్ లోర్రే యూదుడు. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చాక ఆయన జర్మనీ వదిలి వెళ్ళిపోయాడు, లాంగ్ కూడా వెళ్ళిపోయాడు. 1940లో నాజీలు యూదుల మీద ద్వేషం పెంచడానికి ఒక ప్రచార సినిమా తీశారు. అందులో 'ఎం' నుంచి లోర్రే నటించిన ముక్క కోసి అతికించారు. వేషం వేసిన నటుణ్ణి, నటన అని చెప్పకుండా, ఒక జాతి మొత్తానికి రుజువుగా చూపించారు. కులెషోవ్ సూప్ గిన్నెతో చేసిన పరీక్షకీ దీనికీ పద్ధతి ఒక్కటే. ఉద్దేశం వేరు.

కోసేసిన చివర

అది పాత కాలం, మనకేం సంబంధం అనుకుంటే 2018 గుర్తు చేసుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకార్లు వచ్చాయి. తమిళనాడు, తెలంగాణతో పాటు చాలా రాష్ట్రాల్లో జనం గుంపులుగా చేరి ఏ పాపం తెలియనివాళ్ళని కొట్టి చంపారు. అప్పుడు తిరిగిన వీడియోల్లో ఒకదాంట్లో మోటార్‌సైకిల్ మీద వచ్చినవాళ్ళు వీధిలో పిల్లవాణ్ణి లాక్కుపోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్ళు పిల్లవాణ్ణి తిరిగి దింపేసి, జాగ్రత్తగా ఉండమని రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివర కోసేశారు. మిగిలింది మొదలు మాత్రమే.

అంటే ఒక థ్రిల్లర్ ఆరంభం నిజమని నమ్మి మనుషుల్ని చంపారు. మేం తీసింది కూడా రెండు నిమిషాల ఆరంభమే కదా అని మాకు వెన్నులో చలి పుట్టింది.

మేం ఏం చేశాం?

వాచ్‌మన్ పాత్రని తీసెయ్యలేదు. చోటు మార్చాం. టార్చి వెలుగు ముందు గోడ మీద పడుతుంది. అక్క భయపడి ఆగుతుంది. వెలుగు తిరిగితే ఆయన ముఖం స్పష్టంగా కనిపిస్తుంది, చేతిలో తమ్ముడి వాటర్ బాటిల్. "ఇది మీవాడిదేనామ్మా? నేనూ వాడికోసమే వెతుకుతున్నాను" అంటారు. ఇద్దరూ ఒకచోట నిలబడి ఉంటారు. అప్పుడు పై అంతస్తులో అడుగుల చప్పుడు మళ్ళీ వినిపిస్తుంది. ఇద్దరూ తల పైకెత్తుతారు. కట్. పేరు పడుతుంది.

ప్రేయర్ హాల్లో చూపించినప్పుడు ముందు వరసలోని చిన్నపిల్లలు కళ్ళు మూసుకున్నారు. అనుమానించడానికి ఒక మనిషిని ఇవ్వకుండానే భయం పెరిగింది. చూపిస్తే పోయే భయం, చూపించకపోతే ఉండిపోతుంది. ఈ మాట లాంగ్ 1931లోనే తీసి చూపించాడు.

మెట్ల మీద కెమెరా ఎటువైపు పెట్టాలో, పైకి వెళ్ళే మనిషి ప్రతి షాట్‌లోనూ ఒకే దిక్కుకి వెళ్ళాలని, రెండు నిమిషాలకి మూడు సాయంత్రాలు పడతాయని కూడా నేర్చుకున్నాం. అవి సినిమా తీసేవాళ్ళకి పనికొస్తాయి. చూసేవాళ్ళకి, అంటే మనందరికీ పనికొచ్చేది వేరే ఉంది. ఫోన్‌లో ఏ వీడియో వచ్చినా మూడు ప్రశ్నలు అడగాలి. దీని ముందు ఏముంది? దీని తర్వాత ఏముంది? ఈ రెండిటినీ అతికించింది ఎవరు? చరిత్ర పుస్తకం చదివేటప్పుడు మా టీచర్ అడగమనే ప్రశ్నలు కూడా సరిగ్గా ఇవే.