చల్లగాలికి పరీక్ష

మేము మాటలాడు గదులకు కిటికీలు ఉండవు. వెలుపలి చప్పుడు లోనికి రాకుండ తలుపులు బిగించినపుడు గాలికి కూడ దారి మూసుకొనిపోవును. కావున రేడియో స్టూడియోకు ఎయిర్ కండిషనింగు విలాసము కాదు; మైకు ఎంత అవసరమో అదియు అంత అవసరమే.

కొన్ని యేండ్ల క్రిందట మేము పనిచేసిన ఒక చిన్న స్టూడియోకు క్రొత్త యంత్రమును అమర్చిరి. ఆరుబయట ఒక పెద్ద యంత్రము; దానినుండి రాగి గొట్టములు బయలుదేరి మూడు గదులలోని మూడు చిన్న యంత్రములకు చేరును. స్టూడియోకు ఒకటి, కళాకారులు వేచియుండు గదికి ఒకటి, రికార్డింగు గదికి ఒకటి. రాత్రివేళ, మనుష్యులెవరును లేనపుడు, మూడింటిని ఒక్కమారు నడిపి చూచిరి. మూడు గదులును చల్లబడెను. పరీక్ష ముగిసినదనిరి.

మరునాటి మధ్యాహ్నము కచేరీ రికార్డింగు. మృదంగ విద్వాంసులు వేచియుండు గదిలో శ్రుతి సరిచేసుకొని వచ్చి స్టూడియోలో కూర్చుండిరి. పావుగంటలో శ్రుతి దిగజారెను. మరల సరిచేసిరి, మరల జారెను. "ఆ గదిలో వణుకు, ఈ గదిలో చెమట. మీ యంత్రము ఒకరి విస్తరిలో వడ్డించవలసినది వేరొకరి విస్తరిలో వడ్డించుచున్నదండీ" అనిరి వారు. ఆ మాట ఎంత నిజమో తరువాత తెలిసినది. ఆ సంగతి చెప్పుటకు ముందు, ఇట్టి యంత్రములను పరీక్షించు విద్య ఎట్లు పెరిగినదో శ్రోతలకు కొంత మనవి చేయుదుము.

నేటి ఎయిర్ కండిషనింగు మొదట పరీక్షకు నిలిచినది మనుష్యుల యెదుట కాదు, కాగితము నెదుట. 1902లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ ప్రాంతమున శాకెట్-విల్‌హెల్మ్స్ అను ముద్రణాలయము రంగుల అచ్చుపని చేయుచుండెను. ఒక్కొక్క రంగును విడివిడిగ అద్దవలెను. తేమ హెచ్చిన కాగితము సాగును, తగ్గిన ముడుచుకొనును. రెండవ రంగు మొదటి రంగుపై సరిగా కూర్చుండదు. ఈ చిక్కు విడదీయుపని బఫలో ఫోర్జ్ కంపెనీలోని విల్లిస్ కారియర్ అను ఇంజనీరుకు వచ్చెను. అప్పటికి అతని వయస్సు 25 ఏండ్లు. చల్లని గొట్టపు చుట్టల మీదుగా గాలిని నడిపి, అందలి తేమను నీరుగా రాల్చి, గదిలోని తేమను 55 శాతమున నిలుపవలెనని అతడు పథకము వేసెను. చల్లదనము ఒక్కటే చాలదు, తేమయు హద్దులో నుండవలెను. నాడు కాగితము చెప్పిన ఈ మాటనే మా స్టూడియోలో మృదంగపు చర్మము చెప్పినది.

రెండవ పరీక్ష జనసమూహము నెదుట జరిగెను. 1922లో కారియర్, వడిగా తిరుగు చక్రముతో పనిచేయు క్రొత్త శీతల యంత్రమును ప్రదర్శించెను. విషతుల్యమైన అమ్మోనియాకు మారుగ అతడు డైఎలీన్ అను ద్రవమును వాడెను. 1925లో న్యూయార్కులోని రివోలీ సినిమాశాలలో దీనిని అమర్చబోగా, ఆ ద్రవము అపాయకరమేమోయని నగర రక్షణాధికారి అనుమతికి వెనుకాడెను. కారియర్ ఒక పాత్రలో ద్రవమును పోసి, వెలుగుచున్న అగ్గిపుల్లను అందు పడవేసెను. అది భగ్గున ప్రేలక మెల్లగా కాలెను. అనుమతి లభించెను.

మే నెల చివర, మెమోరియల్ డే సెలవులలో, ప్రదర్శన ఆరంభమయ్యెను. యంత్రమును నడుపుట కొంత ఆలస్యమైనది. అప్పటికే విసనకర్రలతో వచ్చిన జనముతో శాల నిండిపోయెను. కారియర్ బృందము వెనుక నిలిచి ఊపిరి బిగబట్టి చూచుచుండెను. విసనకర్రలు ఊగుచునే యుండెను. తరువాత ఒక్కొక్కటిగ అవి ఒడులలోనికి జారెను. పారమౌంట్ అధిపతి అడాల్ఫ్ జూకర్ మేడమీద కూర్చుండి యంతయు గమనించి, జనులకు ఇది నచ్చునని ఒప్పుకొనెను.

ఊరక కూర్చున్న ఒక మనిషి దేహము నుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడును. వేయిమంది కూర్చున్నచో దానిని తీసివేయుటకే దాదాపు 28 టన్నుల శీతలశక్తి కావలెను. ఒక టన్ను మంచును 24 గంటలలో కరిగించు వేడిని తొలగించు శక్తినే ఇచ్చట టన్ను అందురు. ఖాళీ శాలలో నెగ్గిన యంత్రము నిండుశాలలో ఓడవచ్చునన్నమాట.

మూడవది అనేక గదుల చిక్కు. 1928లో టెక్సాస్ రాష్ట్రములోని శాన్ ఆంటోనియోలో 21 అంతస్తుల మైలమ్ భవనము వెలసెను. 300 టన్నుల యంత్రశాల నుండి చల్లని నీరు గొట్టములలో సాగి, అన్ని అంతస్తులకు గాలినందించు పంకాల యంత్రములకు చేరెడిది. ఇట్టి యేర్పాటులో దగ్గరివి నీటిని దండిగా త్రాగి దూరపువానిని ఎండగట్టును. ప్రతి శాఖలోను ప్రవాహమును కొలిచి కవాటములను సవరించినగాని పంపకము సమముగ జరుగదు.

1982లో జపానుదేశపు డైకిన్ సంస్థ నీటితో పనిలేకుండ, శీతలద్రవమునే ఒక బయటి యంత్రము నుండి పెక్కు గదులకు పంపు పద్ధతిని పెద్ద భవనములకు తెచ్చెను. దీనిని నడుపుటకు ముందు చేయవలసిన పనులకు ఒక వరుస కలదు. గొట్టములలో పొడి నైట్రోజనును ఎక్కించి పీడనము తగ్గకుండ నిలుచునాయని గంటల తరబడి చూడవలెను. పిమ్మట లోపలి గాలిని, తేమను పంపుతో తోడివేయవలెను. గొట్టముల పొడవును బట్టి శీతలద్రవమును తూచి పోయవలెను. లోపలి యంత్రముల క్రింది తొట్లలో నీరు పోసి, అది బయటికి పారుచున్నదో లేదో చూడవలెను. కడపట ఒక్కొక్క గదిని విడిగా నడిపి, ఆ తరువాతనే అన్నింటిని కలిపి నడుపవలెను.

మా స్టూడియోలో విడిచిపెట్టినది ఈ విడివిడి పరీక్షనే. ఇంజనీర్లు తిరిగివచ్చి అన్నింటిని ఆపి, స్టూడియో యంత్రమును మాత్రము నడిపిరి. గాలి వీచెనే గాని చల్లబడలేదు. వేచియుండు గదిలో ఆగియున్న యంత్రపు గొట్టముమీద మంచు పట్టెను! బయటి యంత్రము వద్ద ఆ రెండు గదుల తీగలు తారుమారైనవి. స్టూడియోలో వేడి పెరిగినకొలది చలి ప్రక్క గదికి పోవుచుండెను. రాత్రి గదులన్నియు ఖాళీగ, ఒక్కతీరున నుండుటచే ఆ తప్పు బయటపడలేదు.

తీగలు మార్చుటకు గంట కూడ పట్టలేదు. అయినను, ఆనాటి కచేరీకై వేరొక ఊరినుండి వచ్చిన గాయకులు బండి వేళ దాటుననుచు పాడకయే వెడలిపోయిరి. వారికి మేము చెప్పుకొనిన క్షమాపణ ఆ గంటను వెనుకకు తేలేదు. మృదంగ విద్వాంసులు మాత్రము మరునాడు తిరిగి వచ్చిరి. మేము గోడమీది ఉష్ణమాపకమును చూపబోగా వారు అటు చూడలేదు. స్టూడియోలో అరగంట కూర్చుండి, మృదంగముపై ఒక్కమారు తట్టి విని, రికార్డింగు ఆరంభింపుమని తల యూపిరి.