‘కూర్పు’: చలనచిత్ర పరిభాషలో ఒక పదచరిత్ర

పరికరాలు మారినంత త్వరగా వాటి పరిభాష మారదు. చలనచిత్ర ఎడిటింగ్ చరిత్ర ఇందుకు నిదర్శనం.

ఫిల్మును కత్తిరించి అతికించిన కాలంలో ఆంగ్లంలో ‘కట్’ అనే మాట స్థిరపడింది. ఫ్రెంచివారు ఈ పనినే అమర్చడమనే అర్థంలో ‘మోంటాజ్’ అన్నారు. సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టయిన్ 1920లలో ఆ పదానికి సిద్ధాంతస్థాయి కల్పించాడు. రెండు దృశ్యఖండాల సంఘర్షణలో, ఆ రెంటిలోనూ విడిగా లేని మూడో అర్థం పుడుతుందన్నది ఆయన ప్రతిపాదన.

కత్తిరించిన ఫిల్ము ముక్కలను ఎడిటర్లు కొక్కేలకు తగిలించి, కింద గుడ్డ పరిచిన తొట్టిలోకి జారవిడిచేవారు. దాని పేరు ‘బిన్’. 1971లో సీఎంఎక్స్ 600, 1989లో ఆవిడ్ రావడంతో ఎడిటింగ్ కంప్యూటరుకు చేరింది. తొట్టి పోయింది, ఆవిడ్‌లో క్లిప్పులను భద్రపరిచే చోటుకు ‘బిన్’ అన్న పేరు మాత్రం మిగిలింది.

తెలుగు చిత్రాల టైటిళ్లలో ఈ పనికి కనిపించే పేరు ‘కూర్పు’. పూలదండకూ, గ్రంథానికీ వాడే మాటే ఇది. ఇందులో కత్తెర ఊసు లేదు, కలపడమే ఉంది. డిజిటల్ ఎడిటింగ్‌లో మూలదృశ్యం చెక్కుచెదరదు. ఏ ఖండం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో, దేని తరవాత ఏది రావాలో మాత్రమే నమోదవుతుంది. అందువల్ల నేడు ‘కట్’ ఉపమానంగా మిగలగా, ‘కూర్పు’ వాచ్యార్థంలోనే సార్థకమైంది. కొత్త పారిభాషిక పదకోశాలు ఈ మాటను పాతదని పక్కనపెడితే, పనికి అతికే పదాన్ని చేజేతులా వదులుకున్నట్లే.