మల్లెకు విత్తనం మన చేతిలోనే



ముందుగా ఒక చిన్న ప్రశ్న. మల్లెపొద గింజ కాయగా మీరెప్పుడైనా చూశారా? వరికి విత్తనం ఉన్నది. కందికి, పెసరకు ఉన్నది. గట్టుమీద ఎవరూ నాటని గడ్డికి సైతం విత్తనం ఉన్నది. మల్లెకు మాత్రం గింజ పట్టడం బహు అరుదు. అందులోనూ మనం పూలకోసం వేసే గుండుమల్లె, దొంతరమల్లె రకాలలో అసలు కనిపించదన్నా తప్పులేదు. దీని గింజను గాలి మోసుకుపోయేది లేదు, పిట్ట తిని మరోచోట రాల్చేది లేదు. అయినా ఈ మొక్క అటు చైనాకు, ఇటు ఇటలీకి, ఆవల హవాయి దీవులకు కూడా చేరింది. ఎట్లా చేరిందంటారు? ఒకరు కొమ్మ కోసి మరొకరి చేతిలో పెడితే చేరింది.

కనుక మల్లె చరిత్ర అంటే అంటుల చరిత్రే. ఇది తెలుసుకుంటే వినోదమే కాదు, తోట వేసేవారికి లాభం కూడా ఉన్నది. ఆ లాభం ఏమిటో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మల్లెకు మన దేశమూ, ఇరుగుపొరుగు దేశాలూ పుట్టినిల్లు. సంస్కృతంలో మల్లిక అన్నారు, మనం మల్లె అన్నాము. శ్రీశైలం మల్లికార్జునస్వామి పేరులోనే మల్లిక ఉన్నది. రామాయణం రాసిన మన కవయిత్రి మొల్ల పేరు కూడా ఈ కుటుంబపు పువ్వుదే. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో సువాసన గల పూలకు ఒక పట్టిక ఇచ్చారు. అందులో చమేలీ ఉన్నది, జూహీ ఉన్నది, రాయ్‌బేల్, మోగ్రా కూడా ఉన్నవి. ఈ చివరి రెండూ మన మల్లె జాతివే. అంటే సుమారు 400 ఏళ్ళ కిందటికే జనం మల్లెలో రకాలను వేరుచేసి, వేరు పేర్లు పెట్టి పిలిచేవారన్నమాట. రకం నిలవాలంటే ఒక్కటే మార్గం. నచ్చిన పొదనుంచి కొమ్మ తీసి నాటుకోవాలి. ఆ పని ఎవరో తోటమాలి చేశాడు. అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు, అతను ఎంచిన పువ్వు మాత్రం ఉన్నది.

ఇక తూర్పు దిక్కుకు పోదాం. చైనా భాషలో మల్లెను మోలీ అంటారు. ఆ మాట మన మల్లిక నుంచి పుట్టినదే. క్రీ.శ. 304 నాటిదని చెప్పే ఒక చైనా గ్రంథం దక్షిణ ప్రాంతపు మొక్కలను వర్ణిస్తూ, ఈ పూలమొక్కను విదేశీయులు తెచ్చి నాటారనీ, వాసనకు మురిసి అక్కడివారు పెంచుకుంటున్నారనీ చెబుతుంది. తరువాత ఫూచౌ పట్టణంలో వారు మల్లెకు మరో ఉపయోగం కనిపెట్టారు. పగలు మొగ్గలు కోసి, రాత్రి విచ్చుకునే వేళకు తేయాకుతో కలిపి పోగు వేస్తారు. పువ్వు విడిచే పరిమళాన్ని ఆకు పీల్చుకుంటుంది. తెల్లవారాక పూలు తీసివేసి, మళ్ళీ కొత్త పూలు కలుపుతారు. మేలురకం టీకి ఇట్లా కొన్ని రాత్రులు చేస్తారు. ఈ ఫూచౌ మల్లె, తేయాకు సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మన దేశంలో నువ్వుల మధ్య పూలు పరిచి, వాసన పట్టిన నువ్వులను గానుగాడి తలనూనె తీసే పద్ధతి కూడా ఇటువంటిదే. కోసిన మొగ్గ ఆ రాత్రి విచ్చుకొని వాసన విడుస్తుంది. రెండుచోట్లా ఆ గుణాన్నే వాడుకున్నారు.

ఇప్పుడు పడమటికి. అరబ్బులు మల్లెనూనెను జంబక్ అనేవారు. ఈ మొక్క శాస్త్రీయనామం జాస్మినం సంబక్‌లో ఉన్న సంబక్ ఆ మాటే. 1678 నుంచి 1693 వరకు డచ్చి అధికారి వాన్ రీడ్ అచ్చువేయించిన హోర్టస్ మలబారికస్ అనే 12 సంపుటాల గ్రంథంలో కేరళ మల్లెల బొమ్మలు కూడా ఉన్నవి. ఆ గ్రంథానికి మొక్కల గుణాలు చెప్పినవారిలో ఇట్టి అచ్యుతన్ అనే నాటువైద్యుడు ముఖ్యుడు. 1753లో స్వీడను శాస్త్రజ్ఞుడు లినేయస్ మల్లెకు పేరు పెడుతూ, రాత్రిపూసే పువ్వు గనుక మన పారిజాతం సరసన నిక్టాంథస్ ప్రజాతిలో కూర్చోబెట్టాడు. 1789లో లండను దగ్గరి క్యూ తోటకు చెందిన ఐటన్ దానిని అక్కడనుంచి లేపి జాజి కుటుంబంలో చేర్చాడు. నేటికీ ఆ పేరే నిలిచింది.

ఇటలీ కథ మరీ ముచ్చటైనది. 17వ శతాబ్దం చివర టస్కనీ ప్రభువు మూడవ కోసిమో దగ్గరకు గోవానుంచి దొంతరమల్లె చేరింది. చలికి చావకుండా దానికోసం ప్రత్యేకంగా వెచ్చటి గది కట్టించారు. ఫ్లారెన్సు దగ్గర కాస్తెల్లో తోటలో ఆ గదిని ఇప్పటికీ మల్లెల గది అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. వారు మల్లెను ముగెరీనో అంటారు. మన పడమటి కోస్తా మోగ్రా అక్కడి నోట అట్లా మారింది. ప్రభువు ఒక్క రెమ్మ కూడా బయటికి పోనిచ్చేవాడు కాదట. ఒక తోటమాలి తన ప్రియురాలికి రెమ్మ ఇచ్చాడనీ, ఆమె దాన్ని నాటి, పిల్లమొక్కలమ్మి, ఆ డబ్బుతో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారనీ అక్కడ కథగా చెప్పుకుంటారు. కథ నిజమో కాదో ఎట్లా ఉన్నా, అందులో మల్లె స్వభావం ఉన్నది. ఒక్క రెమ్మ గోడ దాటితే చాలు, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఇప్పటికీ ఇంగ్లీషువారు దొంతరమల్లెను టస్కనీ గ్రాండ్ డ్యూక్ అనే పిలుస్తారు. ఆ పువ్వు పోయింది మాత్రం మన దేశంనుంచే!

ఫిలిప్పీన్సులో మల్లెను సంపగీత అంటారు. 1934లో దాన్ని ఆ దేశపు జాతీయపుష్పంగా ప్రకటించారు. గుడుల దగ్గర మనవారు పూలదండలు అమ్మినట్టే అక్కడ చర్చీల దగ్గర మల్లెదండలు అమ్ముతారు. హవాయిలో దీని పేరు పికాకే, అంటే నెమలి. 1875లో పుట్టి 1899లో కన్నుమూసిన కయియులానీ రాకుమారికి నెమళ్ళన్నా మల్లెలన్నా ప్రాణం కనుక ప్రజలు రెంటికీ ఒకటే పేరు పెట్టారు. మన దగ్గర 2013లో మదురై మల్లెకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

సరే, ఇంత దూరం తిరిగి వచ్చాము. ఇందులో మన తోటకు పనికివచ్చేది ఏమిటి?

విత్తనంనుంచి పుట్టిన మొక్క తల్లినీ తండ్రినీ కలిపి పోలుతుంది, కొంచెం తేడా కూడా పడుతుంది. కొమ్మనుంచి పుట్టినది అట్లా కాదు. అది తల్లిపొద ముక్కే. తల్లి బాగా పూసేదైతే పిల్లా బాగా పూస్తుంది. తల్లిది సన్నమొగ్గ అయితే పిల్లదీ సన్నమొగ్గే. ఎన్ని ఎరువులు వేసినా ఆ జాతిగుణం మారదు. పైగా అంటుతోపాటు రోగమూ రావచ్చు. ఆకుమీద తెల్లటి నూగు కట్టించే నల్లి కొమ్మతో వస్తుంది. వేళ్ళమీద బుడిపెలు లేపే నులిపురుగు మట్టితో వస్తుంది. మల్లెతోట ఒకసారి వేస్తే 10 నుంచి 15 ఏళ్ళు ఉంటుంది. మూడో ఏటగాని నిండు కాపు రాదు. చవకగా వచ్చిందని దారినపోయే అంటులు కొని నాటితే, మూడేళ్ళ తరువాతగాని మోసం బయటపడదు. అప్పటికి పెట్టుబడీ పోయె, కాలమూ పోయె. కాలం తిరిగిరాదు గదా!

కాబట్టి అంటు తెచ్చుకునేముందు తల్లితోటను చూడండి. వేసవిలో పూత మీదున్నప్పుడే వెళ్ళండి. మొగ్గ గట్టిగా, సమంగా ఉన్న పొదలకు రంగుగుడ్డ కట్టి గుర్తుపెట్టుకోండి. వానలు పడ్డాక ఆ పొదలనుంచే అంటులు తీయించండి. రామేశ్వరం దారిలో తంగచ్చిమఠంలో ఇసుక నేలమీద మల్లె అంటులు పెంచి అమ్మేవారున్నారు. మన కడియం నర్సరీలు సరేసరి. ఎక్కడ కొన్నా ఒకటి రెండు మొక్కలు పెరికి వేళ్ళు చూడండి. బుడిపెలు కనబడితే ఆ మడి మొత్తం వదిలేయండి.

ఇంట్లోనే చేసుకోవాలంటే నేలంటు తేలిక. జూన్, జూలైలో ఏడాది వయసు కొమ్మను వంచి, కణుపు దగ్గర ఏటవాలుగా చిన్న గాటు పెట్టి, ఆ భాగాన్ని 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున మట్టిలో కప్పి పైన రాయి పెట్టండి. మూడు నాలుగు నెలలలో వేళ్ళు వస్తవి. అప్పుడు తల్లినుంచి వేరుచేయండి. ఎక్కువ మొక్కలు కావాలంటే సగం ముదిరిన కొమ్మలను మూడు నాలుగు కణుపులు ఉండేట్టు జానెడు ముక్కలుగా కోసి ఇసుకమడిలో నాటండి.

నాటేందుకు మురుగునీరు నిలవని నేల కావాలి. నిలువు, వెడల్పు, లోతు 45 సెంటీమీటర్లుగా గుంటలు తీసి, కొన్నాళ్ళు ఎండనిచ్చి, గుంటకు 10 కిలోల చివికిన పశువుల ఎరువు వేయండి. మొక్కకూ మొక్కకూ 1.25 మీటర్ల దూరం ఉంటే ఎకరానికి సుమారు 2,600 మొక్కలు పడతవి.

ఇప్పుడు మన రైతుల తెలివిని గురించి ఒక మాట. టేకు, మోదుగ వంటివి ఎండాకాలానికి ముందు వాటంతట అవే ఆకు రాలుస్తవి. మల్లె అట్లా కాదు, మన వాతావరణంలో ఏడాది పొడుగునా పచ్చగా ఉండజూస్తుంది. అట్లా వదిలేస్తే ఆకు విస్తారంగా ఉంటుంది, పువ్వు తక్కువగా ఉంటుంది. మల్లె పూసేది కొత్త చిగురు కొసనే. అందుకని మన రైతులు మల్లెకు ఆకు రాల్చడం నేర్పారు. నవంబరులో నీటి తడులు ఆపుతారు. ఆకు వాడినాక దూసివేస్తారు. కొన్నిచోట్ల గొర్రెలను తోలి మేపుతారు. తరువాత పొదను నేలనుంచి 45, 50 సెంటీమీటర్ల ఎత్తున కత్తిరించి, ఎండుకొమ్మ, రోగపు కొమ్మ తీసివేస్తారు. పాదు తవ్వి, ఎరువు వేసి, మళ్ళీ తడి ఇస్తారు. విశ్రాంతి తీసుకున్న పొద ఒక్కసారిగా చిగిర్చి, మార్చినుంచి పూత పడుతుంది. తోట మొత్తం ఒకేరోజు కత్తిరించకుండా, రెండు మూడు వారాల తేడాతో భాగాలుగా కత్తిరించండి. పువ్వంతా ఒకేసారి బజారులో పడి ధర విరగకుండా ఉంటుంది.

ఎరువు సంగతి: ఎదిగిన పొదకు ఏడాదికి యూరియా 130 గ్రాములు, సూపర్ ఫాస్ఫేటు 750 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 200 గ్రాములు చాలును. సగం కత్తిరింపు తరువాత, మిగతా సగం జూన్, జూలైలో వేయండి. లేత ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపమని తెలుసుకోండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి చల్లండి.

మొగ్గ గులాబిరంగు తిరిగి రాలిపోతుంటే మొగ్గఈగ అనీ, మొగ్గకు రంధ్రం ఉంటే తొలుచుపురుగు అనీ గ్రహించండి. రాలిన మొగ్గలు ఏరి కాల్చివేయండి. మొగ్గఈగ మట్టిలో కోశం కట్టుకుంటుంది కనుక పాదులు తిరగదవ్వండి. మందు తప్పదనుకుంటే వ్యవసాయాధికారిని అడిగి, చెప్పిన మోతాదులోనే కొట్టండి. కోతకు ముందు మాత్రం వద్దు. ఈ మొగ్గను తెల్లవారకముందే వట్టి చేతులతో కోసేది మన ఆడవాళ్ళు. సాయంకాలానికి అది చిన్నపిల్లల జడలోకి చేరుతుంది. ఆ సంగతి మరవకండి.

కోత కూడా సూర్యోదయానికి ముందే ముగియాలి. నిండుగా ఊరి, ఇంకా విచ్చని మొగ్గకే బజారులో విలువ. మరునాటికి ఆగితే అది పువ్వు అవుతుంది, వాడిపోతుంది. మైలవరం ప్రాంతపు మల్లెరైతును అడగండి, ఒక గంట ఆలస్యానికి ఎంత నష్టమో లెక్క చెబుతాడు.

మిత్రులారా, పేరు తెలియని తోటమాలులు ఎన్ని తరాలనుంచో మంచి పొదను ఎంచి, కొమ్మ కోసి, పక్కవారికి ఇస్తూ వచ్చారు కనుకనే మల్లె మన దాకా వచ్చింది. ఇప్పుడు ఆ వంతు మనది. ఈ వేసవిలో మీ తోటలోని మేలుపొదలకు గుర్తులు కట్టండి. మీరు నాటుకున్నాక, అడిగినవారికి నాలుగు అంటులు ఇవ్వండి. నాసిరకం పొద అంటు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.