మైహరు అనాథల వాద్యబృందం

హిందూస్థానీ సంగీతం పాశ్చాత్య దేశాలకు పరిచయమైన కథను చెప్పేవారు సాధారణంగా 1955వ సంవత్సరంతో మొదలుపెడతారు. ఆ సంవత్సరం ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ ఆహ్వానంపై అలీ అక్బర్ ఖాన్ న్యూయార్కు వెళ్ళి, అక్కడి ఆధునిక కళా ప్రదర్శనశాలలో సరోద్ వాయించినాడు. ఆయన సహాధ్యాయి రవిశంకర్ పేరు తరువాతి పదేళ్ళలో దేశదేశాల మారుమ్రోగినది. ఇదంతా నిజమే. కాని ఈ ఇద్దరికీ విద్య నేర్పిన ఇంటిలో పాశ్చాత్య వాద్యాలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే చేరి ఉన్నవి. వాటిని వాయించినవారు పెద్ద విద్వాంసులు కారు. తల్లిదండ్రులు లేని పిల్లలు.

మైహరు వింధ్య ప్రాంతంలో ఒక చిన్న సంస్థానం. ఇప్పుడు మధ్యప్రదేశ్‌లో చేరి ఉన్నది. త్రికూట పర్వతంమీద వెలసిన శారదాదేవి పేరు చెప్పితే తప్ప ఆ ఊరు బయటివారికి తెలిసేది కాదు. మహారాజు బ్రిజ్‌నాథ్ సింగ్ 1918లో బెంగాలీ ముసల్మాను సంగీత విద్వాంసుడైన అల్లావుద్దీన్ ఖాన్‌ను తన ఆస్థానానికి పిలిపించుకొన్నాడు. ఆ సంవత్సరం మామూలు సంవత్సరం కాదు. వానలు ముఖం చాటువేసినవి. తిండిగింజల ధరలు మండిపోయినవి. ఆకురాలు కాలానికి రెండవ విడత ఇన్‌ఫ్లుయెంజా దేశమంతటా పాకినది. ఆ జ్వరం వల్ల ఒక్క భారతదేశంలోనే కోటి ఇరవై లక్షలనుండి రెండు కోట్లవరకు జనం చనిపోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. సాధారణంగా అంటువ్యాధులు పసివారిని, ముసలివారిని తీసుకొనిపోతాయి. ఈ మహమ్మారి ఇరవై, ముప్పై ఏళ్ళ వయసువారిని విశేషంగా బలిగొన్నది. అంటే తల్లులను, తండ్రులను తీసుకొనిపోయి పిల్లలను మిగిల్చినది.

మైహరులో అట్లా మిగిలిన పిల్లలను అల్లావుద్దీన్ ఖాన్ చేరదీసి, ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క వాద్యం ఇచ్చినాడు. రాజుగారు పోషకుడైనాడు. అదే మైహరు బ్యాండు.

ఆయన ఆ పని ఎందుకు పూనుకొన్నాడో తెలియాలంటే ఆయన బాల్యం చూడవలె. తూర్పు బెంగాలులో బ్రాహ్మణ్‌బారియా దగ్గర శివపూర్ అనే పల్లెలో పుట్టి, సంగీతం పిచ్చితో చిన్ననాడే ఇల్లు విడిచి పారిపోయినాడు. జాత్రా నాటక బృందాలవెంట తిరిగినాడు. కలకత్తా చేరి, అన్నసత్రాలలో తిని, దొరికిన చోట పడుకొని, నులో గోపాల్ అనే గాయకుని వద్ద స్వరసాధన చేసినాడు. ఆ గురువు ప్లేగుతో మరణించినాడు. శిష్యుడు మరల గురువు లేనివాడైనాడు. అప్పుడు కలకత్తా అంతా ఆయనకు పాఠశాల అయినది. వివేకానందస్వామి బంధువైన హాబు దత్ వద్ద పలు వాద్యాలు నేర్చినాడు. లోబో అనే గోవా బ్యాండుమాస్టరు వద్ద ఐరోపా పద్ధతిలో ఫిడేలు నేర్చినాడు. హజారీ ఉస్తాదు వద్ద సన్నాయి, మరొకరి వద్ద మృదంగం. నాటకశాలలో కొలువు చేసి పొట్టపోసుకొన్నాడు. చివరకు రాంపూరులో తాన్‌సేన్ వంశ పరంపరకు చెందిన వజీర్ ఖాన్ కాళ్ళు పట్టుకొని సరోద్ విద్య సాధించినాడు.

దేశి, విదేశి అనే గోడ ఈయన మనస్సులో ఎందుకు లేచి నిలువలేదో ఇందువల్ల బోధపడుతుంది. ఆకలిగొన్నవాడు ఏ ఇంటి అన్నమైనా తింటాడు. క్లారినెట్ దొరల వాద్యమని, సన్నాయి మనదని విడదీసుకొనే తీరిక ఆ కుర్రవానికి లేదు. వీధిలో వినవచ్చిన నాదమల్లా ఆయన సొత్తే.

కనుకనే మైహరు బ్యాండులో సితారు, సరోదు, ఏస్రాజ్, తబలాల సరసన ఫిడేలు, సెల్లో, పియానో చేరినవి. అవి వాయించినవి మాత్రం రాగాలే. పాశ్చాత్య వాద్యబృందాలలోవలె స్వరంమీద స్వరం పేర్చి మేళవించే పద్ధతి ఇందులో ప్రధానం కాదు. అందరూ ఒకే గత్‌ను ఒకే బాటలో నడిపిస్తారు. భేదమంతా నాదపు రంగులో ఉంటుంది.

వీటన్నిటిలో విచిత్రమైనది నలతరంగ్. తుపాకి గొట్టాలను వేరువేరు పొడవులకు కోయించి, వరుసగా పేర్చి, కర్రలతో కొట్టి వాయించే వాద్యమిది. జలతరంగంలో నీటి కొలత ఏ పని చేస్తుందో ఇక్కడ ఇనుపగొట్టం పొడవు ఆ పని చేస్తుంది. కాని శ్రుతి కలపడం అంత తేలిక కాదు. తీగను సగానికి కుదిస్తే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. కొట్టి మ్రోగించే గొట్టాన్ని సగానికి కోస్తే రెండు స్థాయిలు పోతుంది. అందుచేత ఒక స్థాయిలోని స్వరాలన్నీ గొట్టపు పొడవులో మూడవ వంతు లోపలనే ఇమిడిపోవాలి. నీరు ఎక్కువైతే తోడివేయవచ్చు; ఇనుము ఎక్కువగా తెగితే దానిని పై స్వరానికి వాడుకోవలసినదే. సంస్థానంలో ఉన్న తుపాకులకు ఇంతకంటె మంచి గతి పట్టిందని నేననుకోను.

సంగీతం దీపాలు వెలిగించిందని, వానలు కురిపించిందని, రోగాలు మాన్పిందని చెప్పే కథలకు మన దేశంలో కొదవలేదు. వాటిమీద నాకు నమ్మకం తక్కువ. మైహరులో జరిగినది వాటికంటె చిన్నది, వాటికంటె గట్టిది. ఇల్లు పోయిన పిల్లవానికి తెల్లవారితే చేయవలసిన పని ఒకటి కలిగినది. తన తప్పు విని సరిదిద్దే మనిషి ఒకడు, తన పక్కన కూర్చుండి అదే గత్ వాయించే తోడు ఒకరు దొరికినారు. పదిమంది ఒక్కసారిగా సమం మీదికి వచ్చి నిలిచినప్పుడు కలిగే ఆనందం వాయించినవారికి తెలుసు. దుఃఖం దానితో పోదు. కాని దుఃఖానికి చోటు కొంత తగ్గుతుంది.

ఆ గురువు మెత్తనివాడని ఎవరూ భ్రమపడరాదు. కోపధారి. సాధన సరిగా చేయలేదని కన్నకొడుకు అలీ అక్బర్‌ను చెట్టుకు కట్టివేసిన తండ్రి. ఆ కొడుకు ఒకసారి ఇల్లు విడిచి పారిపోయినాడు కూడ. ఆ కాఠిన్యాన్ని గురుకుల సంప్రదాయమని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. అయినా అదే మనిషి రోజుకు ఐదు పూటలా నమాజు చేసి, శారదాదేవిని తల్లీ అని పిలిచి, కూతురికి రాజుగారు పెట్టిన అన్నపూర్ణ అనే పేరును సంతోషంగా స్వీకరించినాడు. మనుషులు ఒక్క ముక్కలో ఇమడరు.

1935లో ఆయన ఉదయశంకర్ నృత్యబృందంతో ఐరోపా వెళ్ళినాడు. ఆ బృందంలోనే ఉదయశంకర్ తమ్ముడు, పదిహేనేళ్ళ రవిశంకర్ ఉన్నాడు. ప్యారిస్ వైభవం మరిగిన ఆ బాలుడు 1938లో తల గొరిగించుకొని మైహరు వచ్చి, నులకమంచంమీద పడుకొని సితారు నేర్చినాడు. ఆ తరువాతి కథ లోకానికి తెలిసినదే.

అందులో ఒక్క దినం మాత్రం ఇక్కడ చెప్పవలె. 1970 నవంబరులో తూర్పు బెంగాలును పెనుతుఫాను ముంచెత్తినది; మరుసటి ఏడు యుద్ధం వల్ల సుమారు కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చినారు. రవిశంకర్ కోరికమీద జార్జి హారిసన్ పూనుకొనగా, 1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు కచేరీలు జరిగినవి. సుమారు నలభైవేలమంది విన్నారు. మొదట వాయించినవారు రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్. తబలా అల్లా రఖా. వారు శ్రుతి చూచుకొంటూ ఉంటేనే అదే పాట అనుకొని జనం చప్పట్లు కొట్టినారు! వాయించినది బెంగాలు పల్లెపదాల బాణీ. టిక్కెట్లమీద వచ్చిన రెండు లక్షల నలభై వేలకు పైబడిన డాలర్లు ఐక్యరాజ్యసమితి బాలల సంస్థకు చేరినవి.

ఆనాడు అల్లావుద్దీన్ ఖాన్ మైహరులో జీవించే ఉన్నాడు. దిక్కులేని పిల్లలకు వాద్యాలు ఇచ్చినవాని కొడుకు, శిష్యుడు, ఆయన పుట్టిన మట్టిపై దిక్కులేనివారైన పిల్లలకోసం సముద్రాల కావల వాయించినారు. 1972 సెప్టెంబరు 6వ తేదీన ఆయన కన్నుమూసినాడు.

బ్రాహ్మణ్‌బారియాలో ఆయన పేర వెలసిన సంగీతశాలను 2016లో ఒకసారి, 2021లో మరొకసారి అల్లరిమూకలు తగులబెట్టినవి. ఆయన చేతితో తాకిన వాద్యాలు కొన్ని ఆ మంటలలో పోయినవి. మైహరులో తుపాకి గొట్టాలు ఉన్నవి. వాద్యబృందం వాటిని వాయిస్తున్నది.